పదమూడో నెంబరు

కాశీబుగ్గ బస్టాండు గోడవారన
బేలు విప్పి కుప్పపోసిన పాతబట్టల్లో
తొంభై రూపాయలకి దొరికింది ఈ పసుపు చొక్కా.
చంక దగ్గర ఎవరో చేత్తో వేసిన కుట్టు,
వీపు మీద పదమూడు, దానిపైన పెండ్రిల్.
ఎవడో తెలీదు. చలికి వేసుకున్నాను.

రాత్రి బాయిలరు నాది.
పలాస నిద్రపోయాక జీడిపిక్కల్ని ఆవిరికి పెట్టి
తెల్లారేసరికి ఆడవాళ్ల బల్లల ముందు ఆరబోయాలి.
ముల్లుని చూస్తూ కూచోడమే కదా, ఫోన్లో వెతికాను:
ఇంగ్లండులో ఎక్కడో ఎప్పుడూ వానపడే ఊరు,
మూడో మెట్టు లీగులో ఇరవైనాలుగు జట్లలో ఒకటి.
వీడు దాని గోల్‌కీపరు కూడా కాదు,
గోల్‌కీపరుకి ఏమన్నా అయితే దిగడానికి
బెంచీ మీద కూచునేవాడు.

ఆగస్టులో రెండు గెలిచారు.
నేనే గెలిచినట్టు అందరికీ బజ్జీలు కొన్నాను.
అక్టోబరు చివర్న అక్కడ గడియారాలు వెనక్కి తిప్పుకున్నారట,
ఏడున్నర ఆట ఎనిమిదిన్నరకి జరిగింది.
గంటని అలా తిప్పుకోవచ్చని
మా సూపర్‌వైజరుకి తెలిస్తే ప్రమాదం. ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం ఆటలు రాత్రి ఒంటిగంటుంబావుకి.
నా ఫోన్లో బొమ్మ రాదు, అక్షరాలే:
కార్నరు. ఫౌలు. గోలు పైనుంచి పోయింది.
మళ్లీ పైనుంచే పోయింది.

నాలుగున్నరకి దుంపల దమయంతి వస్తుంది, అందరికన్నా ముందు.
చేతులకి నూనె, నూనె మీద బూడిద రాసుకుంటూ
"మనోడు ఆడినాడేటి?"
"నేదప్పా."
"కూకున్నాడా?"
"కూకున్నాడు."
"కూకుంటే డబ్బులిస్తారేటి!"
నవ్వుకుంటూ కాలితో మర తొక్కి
మొదటి పిక్క పగలగొట్టేది.

జనవరిలో ఇవ్వడం మానేశారు.
జీతాలు ఎగ్గొట్టింది యజమాని.
లీగువాళ్లు లెక్కలు తీసి
పన్నెండు పాయింట్లు కోశారు, జట్టుకి.
ఇది దమయంతికి మూడుసార్లు చెప్పాల్సొచ్చింది.
"తిన్నోడు ఆడు. ఓడిపోయినోలు ఈలా?"
"రూలప్పా."
ఆమె ఆ పూట నాతో మరి మాట్లాడలేదు,
రూలు నేనే రాసినట్టు.

ఆ నెల్లోనే రేషను మిషను మీద
ఆమె బొటనవేలు పడలేదు.
చూపుడువేలు పడలేదు. ఎడం చెయ్యి ఏ వేలూ పడలేదు.
ఇరవైరెండేళ్లు జీడిపాలు తాగిన చేతులు,
గీత అన్నది మిగల్లేదు.
రేపు రా అన్నాడు డీలరు.
రేపు కొత్త వేళ్లు మొలుస్తాయేమో.

ఏప్రిల్లో పెద్ద కీపరుకి మోకాలు పోయింది.
ఒంటిగంటా నలభైకి తెర మీద పడింది:
లోపలికి, పదమూడు, పెండ్రిల్.
బాయిలరు ముందు ఒక్కణ్ణీ లేచి నిలబడ్డాను.

నాలుగు గోల్స్ తిన్నాడు.
ఒక పెనాల్టీ ఆపాడు. ఎడమవైపు దూకి, రెండు చేతులా.
ఆ వాక్యమే మళ్లీ మళ్లీ చదువుతూ
ఆవిరి కూతపెట్టేదాకా చూసుకోలేదు.
రెండు బస్తాలు మెత్తబడిపోయాయి. నూటయాభై కోశారు.
(గోలుకి ఎంత పడిందో లెక్కేసుకోండి.)

తెల్లారి ఫొటో చూపించాను.
దమయంతి వేలికి తెర కదల్లేదు,
నేనే పెద్దది చేసి పట్టుకున్నాను.
ఆమె బంతిని చూడలేదు, దూకినవాడి మొహం చూడలేదు.
"ఆ సేతులకేటి, అవి?"
"గ్లవుజులు."
"ఆలే ఇస్తారేటి?"
"ఆలే."
"బంతికా!" అంది.
ఆపైన చాలాసేపు మర చప్పుడే.

మే మొదటి శనివారం దిగిపోయారు, నాలుగో మెట్టుకి.
ఎనిమిది పాయింట్లు తక్కువ.
పెండ్రిల్ ఆఖరున జనం వైపు చెయ్యెత్తాడని రాశారు.
జనం ఉన్నారో లేదో రాయలేదు.

సోమవారం పొద్దున్న మేనేజరు గది ముందు
దమయంతి, వెనక పదకొండుమంది.
నలభై జతలు కావాలని కాగితం,
కింద సంతకం రానివాళ్లు వేసిన
గీతల్లేని నల్లటి చుక్కలు.

షిఫ్టు అయిపోయింది, ఇంటికి పోవాల్సినవాణ్ణే.
గోడవారన బెంచీ ఉంటే కూచున్నాను,
పసుపు చొక్కా తొడుక్కుని,
పిలిస్తే లేద్దామని.